దొరసాని గోపురానికి మట్టన్న చేపిచ్చిన తానం

దేవుళ్లను బోర్ల పండబెట్టి ఈపుల మొలలు కొట్టి బతికినోడు మా మట్టన్న. గిది నేను అంటున్న మాట గాదు, ఆయనే అంటుండె. "కిష్టమ్మా, తిరుపతికి లక్షల మంది పోతరు, ముందల నిలబడి మొక్కుతరు. ఎంకన్నసామి ఈపు చూసినోడు మాత్రం నేనొక్కన్నే" అని.

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీదికెంచి లోపలికి మూడో గల్లిల సాంబమూర్తి సార్ బిల్డింగు ఉన్నది. కింద మూడు షెట్టర్లు. మొదటిది మట్టన్న ఫోటో ఫ్రేముల దుకాణం. నడిమిది నాది, చీరలకు ఫాల్ కుడ్త, పికో కొడ్త. మూడోదానికి ఎప్పటికి తాళమే, దాంట్ల సార్ పాత పేపర్లు, ఇరిగిన కుర్చీలు. సార్, ఆయన భార్య హనుమాయమ్మ గారు పైన ఉంటరు. వాళ్లది బందరు. సార్ బ్యాంకుల చేసి రిటైరైండు. పిల్లల్లేరు.

మట్టన్నది నల్లగొండ జిల్ల, మర్రిగూడ దిక్కు. ఆ దిక్కు బోరు నీళ్లు ఎట్లాంటియో అందరికి ఎర్కే. పండ్లు పచ్చగైతయి, బొక్కలు వంగుతయి. మట్టన్న మోకాళ్లు రెండు బయటికి తిరిగి ఉంటుండె. "నేను నిలబడితె కాళ్ల సందుల నుంచి మేకపిల్ల పోవచ్చు, హారన్ గూడ కొట్టనక్కర్లేదు" అంటుండె. ఆ కాళ్లతోని తట్ట మొయ్యలేడు, ఆటో నడపలేడు. కూసోని చేసే పని తప్ప ఇంకోటి రాదు. అందుకే చిన్నప్పుడే బేగంబజార్ల ఖాదర్ ఉస్తాద్ అని ఫ్రేముల మేస్త్రి దగ్గర పడ్డడు. చెక్కలు కోసుడు, అద్దం కోసుడు, నాలుగు మూలలు సందు లేకుంట కలుపుడు అన్ని ఆయన దగ్గరే నేర్చుకున్నడు.

ఇంకోటి గూడ నేర్చుకున్నడు. ఏ బొమ్మ వొచ్చినా ముందుగాల తడి బట్టతోని తుడుసుడు. దుమ్ము అద్దం కింద ఇరుక్కపోతె ఇగ జన్మల పోదని ఉస్తాద్ చెప్పిండంట. ఉస్తాద్ అదొక పని లెక్క చేస్తుండె. మట్టన్న చేతిల అది పూజ అయింది. దానికి తానం అని పేరు పెట్టిండు. వినాయకునికి తానం, లచ్చిమమ్మకు తానం, సచ్చిపోయినోళ్ల ఫోటోలకు తానం. క్యాలెండర్ బొమ్మలు, ఫోటో కాయితాలు నున్నగ మెరుస్తుంటయి గద, తుడిస్తె ఏం గాదు. తుడిసి, బోర్ల పండబెట్టి, మీదికెంచి అట్ట పెట్టి, టకటక మొలలు కొట్టి, పేపర్ల చుట్టి ఇచ్చేస్తడు. బొమ్మ మొకం మళ్ల చూసుడు ఉండదు. ఇరవై నాలుగేండ్లు ఒక్కటే తీరు.

నోరు మాత్రం మంచిది గాదు. ఒకాయన వాళ్ల మామ ఫోటో తెచ్చిండు ఒకసారి, ఇంత పెద్దది. మట్టన్న అటు తిప్పి ఇటు తిప్పి, "బతికినప్పుడు గూడ గిట్లనే చూస్తుండెనా?" అని అడిగిండు. ఆయన అవునన్నడు. "మరి హాల్ల ఎందుకు పెడ్తవు, బువ్వ తినబుద్ధి గాదు, మెట్ల కింద పెట్టు" అన్నడు. ఆయన ఎళ్లిపోతడేమో అనుకున్న. నవ్వి, చిన్న సైజు చేపిచ్చుకున్నడు.

ఇగ తెలంగాణ లొల్లి మొదలైంది. మట్టన్నకు దాని తర్వాతనే అన్నం, నీళ్లు. ఫ్రేములతోపాటు ఆయన బోర్డులు గూడ రాస్తుండె, బ్రష్షు తిరుగుతది చేతికి. గల్లిల ఉన్న బండ్లన్నిటి నంబర్ ప్లేట్ల మీద ఏపీ కొట్టేసి టీజీ రాసిండు, ఎవ్వరి దగ్గర ఏం తీస్కోలే. అడిగినోళ్లకు రాసిండు, అడగనోళ్లకు గూడ రాసిండు. సాంబమూర్తి సార్ పాత స్కూటరుకు గూడ రాసిండు. సార్ చూసుకోలే. రెండు దినాలు టీజీ స్కూటర్ మీద కూరగాయలకు, బ్యాంకుకు తిరిగిండు. మూడో దినం హనుమాయమ్మ గారు చూసి, "ఏవండీ, మీరెప్పుడు కలిశారు వాళ్లలో?" అని అడిగిందంట.

సార్‌కు, మట్టన్నకు పేపర్ ఒక్కటే. పొద్దున్నే సార్ కిందికి వొస్తడు, మట్టన్న స్టూలు ఏస్తడు. సార్ ముందల పేజి, మట్టన్న ఎనక పేజి.

"చూశావా మట్టయ్యా, మళ్లీ బంద్ అట. పని చెయ్యకుండా రాష్ట్రం ఎలా వస్తుందయ్యా?"

"పని చేసినా రాలేదు గద సార్ యాభై ఏండ్లు."

"వచ్చాక మమ్మల్ని ఏం చేస్తారు, లారీ ఎక్కిస్తారా?"

"మీరు లారీ ఎక్కలేరు సార్, మీ మోకాళ్లు గూడ బాగలేవు. ఆటో మాట్లాడ్త."

గిట్ల రోజు. నాకు మిషను మీద కూసోని ఇనుడే టైంపాస్. తిట్టుకుంటున్నరని కొత్తోళ్లు పరేషాన్ అయితుండె గాని, పేపర్ అయిపోయినంక ఇద్దరు ఒక్క చాయ్ రెండు గ్లాసులల్ల పోసుకుంటుండ్రి.

రెండువేల పదకొండుల సకల జనుల సమ్మె వొచ్చింది. బస్సుల్లేవు, బడుల్లేవు, కరెంటు ఎప్పుడొస్తదో ఎప్పుడు పోతదో తెల్వదు. రోజూ ఎల్బీ నగర్ చౌరస్తాల రాస్తా రోకో. అగో అప్పుడు సార్ మనసు ఇరిగింది. బందర్ల వాళ్ల అన్న త్రినాథరావు గారున్నడు. రోజూ ఫోన్. "టీవీలో చూస్తున్నాం, అక్కడెందుకురా, వచ్చెయ్, పక్క వాటా ఇస్తాను, మనవాళ్ల మధ్య ఉందువుగాని" అని. ఇగ సార్ బిల్డింగు అమ్మేస్తనన్నడు. ఒక కోచింగ్ సెంటర్ ఆయన టేపు పట్టుకోని వొచ్చి కొలుసుకున్నడు గూడ. మా షెట్టర్లల్ల రిసెప్షన్ అంట.

సార్ కిందికి వొచ్చి, స్టూలు మీద కూసోకుంట, నిలబడే చెప్పిండు. "మట్టయ్యా, కిష్టమ్మా, దసరాకి ఖాళీ చెయ్యండి. ఏమీ అనుకోకండి."

నాది ఒక్క మిషను, ఇంట్ల పెట్టుకున్నా నడుస్తది. మట్టన్న సంగతి అది గాదు. అద్దాలు, చెక్కలు, బల్ల, ఇరవై నాలుగేండ్ల గిరాకీ, అన్ని ఆ షెట్టర్లనే. చంపాపేట్ల వాళ్లుండేది ఒక్క అర్ర. దిల్‌సుఖ్‌నగర్ల ఇంకోడు ఆయనకు షెట్టర్ ఇయ్యడు, బట్టల షోరూములకు, సెల్‌ఫోన్లోళ్లకే సరిపోతలేవు. ఆయన భార్య పెంటమ్మ వొచ్చి, "ఊరికి పోయి గొర్లు గాస్తమా?" అన్నది. "గొర్లెనక ఉరుకుడు గీ కాళ్లతోనా? గొర్లే నన్ను గాయాలె" అన్నడు మట్టన్న. నవ్విండు గాని ఆ దినం చాయ్ తాగలే.

పైన హనుమాయమ్మ గారు గూడ నవ్వుతలేదు. చీరకు ఫాల్ ఇయ్యనీకి వొచ్చి నాతోని చెప్పింది. "మా తోడికోడలు వంటింట్లో గరిటె కావాలన్నా అడుక్కోవాలమ్మా. ముప్పై ఏళ్లు ఇక్కడ మహారాణిలా బతికాను. ఈయన వింటేనా, గోడలకి మేకులు కూడా పీకేస్తున్నారు, బందరు పట్టుకెళ్లాలట." నిజమే, పైన డబడబ చప్పుడొస్తుండె. గోడలకు ఒక్క మొల ఉంచలే ఆ మనిషి.

గట్ల మొలలు పీకుకుంట, ఒక పటం కింద పడేసుకున్నడు. అద్దం పగిలింది. ఆ పటం సంగతే నేను చెప్పొచ్చేది.

సమ్మె దినాలల్ల మట్టన్న షెట్టర్ సగం దించి లోపల పని చేసుకుంటుండె. బైట తెలంగాణ, లోపల తెలంగాణకంటె ముందు పొట్ట. సార్ ఆ సగం షెట్టర్ కింద నుంచి వంగి లోపలికొచ్చిండు, చంకల పసిపిల్లను పట్టుకున్నట్టు పటం పట్టుకోని. నేను గూడ పోయి చూసిన.

రాతి గోపురం ఒకటి. మన గుడి గోపురం లెక్క బొమ్మలు, రంగులు ఏం లేవు. నాలుగు పలకలుగ పైకి పోయి, పైన ఈటె లెక్క సూదిగ అయింది. పక్కన చెట్లు, కింద రెండు ఆవులు మేస్తున్నయి. గోపురం కొసకు ఒక శిలువ, దాని మీద ఒక కోడిపుంజు.

"ఇది మామూలు బొమ్మ కాదయ్యా" అన్నడు సార్. వాళ్ల ముత్తాత బందర్ల ఒక దొరసానికి తెలుగు చెప్పేటోడంట. ఆ దొరసానికి సొంతూరు యాదికొచ్చి, అక్కడి చర్చి గోపురాన్ని నీళ్ల రంగులతోని గీసి, పోయేటప్పుడు పంతులుకు ఇచ్చిందంట. నూటయాభై ఏండ్ల కింది మాట. ఆమె ఇచ్చినంక మూడేండ్లకు బందరు ఉప్పెన వొచ్చింది. ఊరు ఊరే సముద్రంల కలిసింది. ముత్తాత భార్య పటాన్ని నెత్తిన పెట్టుకోని అటక ఎక్కి కూసున్నదంట. పిల్లల్ని ఎవలు ఎక్కిచ్చిండ్రో మాత్రం సార్ చెప్పలే.

మట్టన్న బొమ్మ మొత్తం చూసి, "గుడి మీద కోడి ఏంది సార్? ఎవలన్న మొక్కుకున్నరా?" అన్నడు.

"అది ఇనప కోడయ్యా. గాలి ఎటు వీస్తే అటు తిరుగుతుంది."

"అంటె మన ఎమ్మెల్యే లెక్క."

"నీ వెకిలి మాటలు ఆపు. మా అన్నయ్య ముప్పై ఏళ్లుగా దీని కోసం అడుగుతున్నాడు. ఇది తీసుకొస్తేనే వాటా తాళం ఇస్తానన్నాడు. కొత్త అద్దం వేసి, ఫ్రేము బిగించి, రేపు మధ్యాహ్నానికి ఇవ్వు. జాగర్త. బజారంతా మూసేశారు కాబట్టి నీకిస్తున్నాను."

"ఇరవై నాలుగేండ్లల్ల ఒక్క బొమ్మ ఖరాబు చెయ్యలే సార్ నేను."

అది నిజమే. అందుకే సార్ పటం బల్ల మీద పెట్టి పైకి పోయిండు.

నేను మళ్ల నా మిషను దగ్గరికొచ్చి రెండు చీరల ఫాల్ అయిపోగొట్టిన. "కిష్టమ్మా" అని పిలిసిండు. ఆ గొంతు నేనెప్పుడు ఇనలే. మట్టన్నకు నెమ్మదిగ మాట్లాడుడు వొస్తదని గూడ నాకు అప్పటిదాంక తెల్వదు.

పోయి చూస్తె బల్ల మీద పటం ఉన్నది, చేతిల తడి బట్ట ఉన్నది. గోపురం సగం వరకే ఉన్నది. పైన ఈటె లేదు, శిలువ లేదు, కోడి లేదు. అవన్ని బట్ట మీదికొచ్చినయి.

"తానం చేపిచ్చినవా?" అన్న.

"చేతికి అలవాటు. మాట్లాడుకుంట తుడిసిన. మొదటి తుడుపుకు కోడి పోయింది, చూసుకోలే. రెండో తుడుపుకు..." అని ఆగిండు.

ఉప్పెన చెయ్యలేని పని మట్టన్న తడి బట్ట చేసింది. నాకు నవ్వొచ్చింది, కొంగు నోట్ల పెట్టుకున్న. ఆయన మొకం చూసినంక నవ్వు పోయింది.

"పోయి చెప్పన్నా. జరిగింది జరిగిందని చెప్పు."

"చెప్తె దసరదాంక గూడ ఉంచడు, ఇయ్యాలనే సామాను రోడ్డు మీదుంటది. స్కూటరు కోపమే ఇంకా ఉన్నది ఆయనకు."

తర్వాత వంగి, కాయితం మీద ముక్కు పెట్టినంత దగ్గరగ చూసిండు. బ్యాటరీ లైటు తెమ్మన్నడు. తెచ్చిన. రంగు పోయిన కాడ సన్నటి పెన్సిల్ గీతలు కనవడ్తున్నయి. ఈటె గీత, శిలువ గీత, కోడి తోక ఈకలతోని సహా.

"దొరసాని గూడ మన లెక్కనే" అన్నడు మట్టన్న. మొకంల జర రక్తం వొచ్చింది. "ముందు గీత, ఎనక రంగు. నంబర్ ప్లేటు రాసినట్టే. నాకు గీసుడు లేదు కిష్టమ్మా, నింపుడే."

నింపనీకి రంగేది? ఆయన దగ్గరున్నది బోర్డుల ఆయిల్ పెయింటు. అది ఏస్తె కాయితమే పోతది. దుకాణాలు బంద్. మా బిడ్డ విజయశ్రీ బడిల డ్రాయింగు కోసం కొన్న రంగుల డబ్బ ఇంట్ల ఉన్నది, ఉరికి తెచ్చిన. చూస్తె నలుపు, గోధుమ రంగు గుంటలు ఖాళీ. అది ఎప్పటికి కొండలు, గుడిశెలే ఏస్తది. ఎరుపు, తెలుపు మిగిలినయి. మట్టన్న తెలుపుల ఎరుపు చుక్క కలిపి, దీపం మసి జర గోకి కలిపిండు. కాయితం ముక్క మీద ఏసి చూపిచ్చిండు. తడి మీద అచ్చం పాత రాయి రంగే. మిగిలిన గోపురానికి, దీనికి తేడా లేదు. కరెంటు లేదనుకో, షెట్టర్ సగం దించి ఉన్నది, నా బ్యాటరీ లైటు పసుపుపచ్చది. ఆ ఎల్తుర్ల మాకు గట్లనే కనవడ్డది.

ఊపిరి బిగవట్టి నింపిండు. కోడి తోకను ఈక ఈకకు ఆగుకుంట నింపిండు. "గాలి ఎటొస్తె అటు తిరగమను ఇగ" అన్నడు. జరసేపు ఆరనిచ్చి, కొత్త అద్దం మీద బోర్ల పండబెట్టి, అట్ట పెట్టి, మొలలు కొట్టి, పేపర్ల చుట్టి, దారం కట్టిండు. చెప్పిన గద, మొకం మళ్ల చూసే అలవాటు ఆయనకు లేదు.

తెల్లారి రోడ్డు మీద వంటావార్పు. పెద్ద గంజులు పెట్టి, రోడ్డు నడిమిట్ల పొయ్యిలు ఎలిగిచ్చి, అందరు అక్కడ్నే వండుకోని అక్కడ్నే తినుడు. దశరథ అని మా గల్లి ఆటో ఆయన ఉన్నడు, జేఏసీల తిరుగుతడు, నోటి నిండ నినాదమే. ఆయన మట్టన్నకు ఇస్తర్ల కిచిడీ తెచ్చి, "అన్నా, దా, నువ్వు లేకుంటె ఎట్ల" అనుకుంట షెట్టర్ పూర్తిగ పైకి లేపిండు. అదే టైముకు సార్, హనుమాయమ్మ గారు మెట్లు దిగిండ్రు.

మట్టన్న కట్ట చేతికిచ్చిండు. సార్ దారం తెంపనియ్యలే, ముడి ఇప్పి జేబుల పెట్టుకున్నడు. పేపరు తీసిండు.

మంచి ఎండ. ఆ ఎండల గోపురం సగం దాంక బూడిద రంగు రాయి. ఆపైన ఈటె, శిలువ, కోడి మొత్తం గులాబి. లేత గులాబి గూడ గాదు, తెలంగాణ మీటింగులల్ల ఏస్కునే గులాబి కండువా లెక్క. ఆ రంగు తడి మీద ఒకటి, ఆరినంక ఒకటి. మసి ఏడికి పోయిందో దేవునికెర్క.

దశరథ చేతిల కిచిడీ చల్లారుతున్నది.

సార్ కండ్లద్దాలు తీసి తుడుసుకోని మళ్ల పెట్టుకున్నడు. "ఇంగ్లండు చర్చి కూడా తెలంగాణ అడుగుతోందన్నమాట" అన్నడు.

దశరథకు అర్థమైంది. మట్టన్న ఈపు మీద ఒక్కటి సరిచిండు. "కోడితోని గూడ జై కొట్టిచ్చినవు గదనే. నీ అంత మొగోడు ఎల్బీ నగర్ దాంక లేడు."

అప్పుడు మట్టన్న ఏం చేస్తడా అని నేను చూస్తున్న. ఏమన్న చెప్పొచ్చు. ముందే గట్లున్నది అనొచ్చు, ఉద్యమం కోసం చేసిన అనొచ్చు. దశరథ ఎనకకెంచి పది మంది జమైండ్రు, గా మాట అంటె ఆయనను భుజాల మీద ఎత్తుకుంటుండ్రి. ఆయన బల్ల కింద నుంచి తడి బట్ట తీసిండు. అది ఎండిపోయి బిరుసైంది, మధ్యల బూడిద రంగు మచ్చ.

"ఉద్యమం లేదు, గాడిద గుడ్డు లేదు. జర నువ్వు ఊకో దశరథ" అన్నడు. "సార్, మీ గోపురం కొస గిదాంట్ల ఉన్నది. నేనే తుడిసిన. రోజు దేవుళ్లను తుడుస్త, గట్లనే తుడిసిన. పోయినదాన్ని నింపిన. రంగు ఎటు పోయి ఎటొచ్చిందో నాకు తెల్వదు. తప్పు నాదే."

"స్కూటరు మీద రాసింది కూడా తుడవబోయి రాశావా?"

"అది కావాలనే రాసిన సార్. ఇది కావాలని చెయ్యలే."

సార్ పటాన్ని బల్ల మీద పెట్టిండు. "ఇది నా గడప తొక్కడానికి వీల్లేదు. దసరా మాట గుర్తుంది కదా" అని మెట్లెక్కిండు. హనుమాయమ్మ గారు ఒక్క నిమిషం ఆగి, గులాబి కోడిని మళ్లొకసారి చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకోని పైకి ఉరికింది. మెట్ల మీద ఆమె భుజాలు ఎగురుతుండె. ఏడుస్తున్నదేమో అనుకున్న. కాదని తర్వాత తెల్సింది.

ఇగ పటం మట్టన్న దుకాణంలనే గోడకెక్కింది, లచ్చిమమ్మకు, సాయిబాబాకు మధ్యల. పేపర్ కోసం సార్ కిందికి వొచ్చుడు బంద్. రెండు గ్లాసులల్ల ఒకటి బోర్లిచ్చే ఉంటుండె. మట్టన్న అద్దాలను ఒక్కొక్కటే పేపర్ల చుట్టి కడుతుండె. వొచ్చిన గిరాకి "గీ గులాబి గోపురం ఏ దేవునిదన్నా?" అని అడుగుతుండ్రి. "దొరసాని ఊరి దేవుడు" అంటుండె. ఒకామె బాలాపూర్ నుంచి వొచ్చి, ఏ దేవుడైతె ఏందని అగర్‌బత్తి ఎలిగిచ్చి పోయింది. జేఏసీ పోరలు వొచ్చి పటంతోని ఫోటోలు దిగుదమన్నరు. తిట్టి ఎళ్లగొట్టిండు. అంత మంచి పేరు ఊకెనే వొస్తుంటె వొద్దన్నోణ్ని నేను ఆయన్నే చూసిన. తడి బట్ట మాత్రం తీగ మీద ఎండుతనే ఉండె. బొమ్మలను పొడి బట్టతోని తుడుసుడు మొదలుపెట్టిండు, అది గూడ గోరు తగలకుంట.

హనుమాయమ్మ గారు జాకెట్ పని అని రెండు దినాలకోసారి కిందికి వొచ్చి నాకు వార్తలు చెప్తుండె.

"బందరు నుంచి ఫోనమ్మా. బొమ్మ సర్దావా అని. ఈయన బస్సుల్లేవు అన్నయ్యా అన్నారు. మర్నాడు మళ్లీ ఫోను. ఫ్రేము కట్టడం ఇంకా అవలేదు అన్నారు. ముప్పై ఏళ్లలో ఈయన అబద్ధం ఆడటం ఇదే చూడ్డం. ఎంత చక్కగా ఆడుతున్నారో."

"మరి ఏం చేస్తరమ్మా? గట్లనే తీస్కపోతరా?"

"ఆ గులాబీ కోడినా? మా బావగారు బందరు బందరంతా పిలిచి చూపిస్తారు. తాళం ఇవ్వడం అటుంచి, వీడు తెలంగాణా వాళ్లలో కలిసిపోయాడ్రా అని తద్దినాలకి కూడా పిలవరు." మళ్ల నోటికి కొంగు. అప్పుడు తెల్సింది నాకు, ఆ దినం మెట్ల మీద భుజాలు ఎందుకు ఎగిరినయో.

దసర వొచ్చింది. మా దిక్కు ఆ దినం పనిముట్లను ముట్టరు. పొద్దున్నే కడిగి, బొట్లు పెట్టి, పూజల పెడ్తరు. మట్టన్న సుత్తె, అద్దం కోసే వజ్రం కలం, రంపం అన్ని బల్ల మీద పేర్చి కొబ్బరికాయ కొట్టిండు. నా మిషనుకు నేను పూలదండ ఏసిన. ఖాళీ చెయ్యవలసిన దుకాణంలనే పూజ. పెంటమ్మ ఒక పక్కకు కూసోని కట్టిన అద్దాల కట్టలు లెక్కపెడ్తున్నది. మట్టన్న కట్టలల్ల ఒక్క గులాబి పటం మాత్రం లేదు, గోడకే ఉన్నది.

సాయంత్రం జమ్మి ఆకు వొచ్చింది. దసరనాడు జమ్మి ఆకును బంగారం అని చేతిల పెట్టి, పెద్దోళ్ల కాళ్లు మొక్కుతం, సమాన వయసోళ్లను అలయ్ బలయ్ అని కౌగిలిచ్చుకుంటం. ఏటేటా మట్టన్న, నేను పైకి పోయి సార్‌కు, అమ్మకు ఇస్తం. సార్‌కు ఈ పద్ధతి లేదు, మొదట్ల ఆకు పట్టుకోని ఏం చెయ్యాలో తెల్వక వాసన చూసిండు ఒకసారి. తర్వాత అలవాటైంది.

"పోదమా?" అన్న.

"పోకుంటె భయపడ్డడు అనుకుంటడు" అన్నడు మట్టన్న. ఆ కాళ్లతోని మెట్లెక్కుడు ఆయనకు చాన కష్టం. ఒక్కొక్క మెట్టుకు ఆగి, అయినా ఎక్కిండు.

సార్ హాల్ల కూసోని ఉన్నడు. చుట్టూ అట్టపెట్టెలు. గోడలకు మొలలు పీకిన బొక్కలు. సోఫ మీద గోడకు, పటం ఉన్న కాడ, నాలుగు మూలల తెల్లటి మచ్చ. ముప్పై ఏండ్లు పటం ఎనక ఉండి అక్కడి సున్నం మాసిపోలే.

మట్టన్న వంగి ఆకు చేతిల పెట్టి కాళ్లు మొక్కిండు. లేసేటప్పుడు మోకాలు పట్టేసింది, సార్ చెయ్యి అందిచ్చిండు. అందిచ్చినంక కోపం యాదికొచ్చి ఇడిసిపెట్టిండు.

"సామాన్లు సర్దావా?"

"అద్దాలు కట్టిన సార్. చెక్కలు ఉన్నయి. పూజ దినం ముట్టం గద."

"ఆ బొమ్మ?"

"ఉన్నది సార్. ఎవరిదని కట్టాలె నేను?"

సార్ ఆకును అటు ఇటు తిప్పిండు. లోపలికెంచి హనుమాయమ్మ గారు పరవాన్నం గిన్నెలు తెచ్చి మా చేతులల్ల పెట్టింది. పెట్టుకుంట, ఎవరికో చెప్పినట్టు అన్నది. "బందరు వెళ్తేనే కదా బావగారికి చూపించాలి. వెళ్లకపోతే చూపించక్కర్లేదు."

"నువ్వు ఉండవే" అన్నడు సార్. గాని ఆ మాటల పట్టు లేదు. గోడ మీద మచ్చను చూస్తున్నడు. చూసి చూసి, "పొద్దున లేవగానే అదే కనిపిస్తోంది. పన్ను ఊడిన నోరులా ఉంది. వెళ్లి ఆ దిక్కుమాలిన పటం తెచ్చి కొట్టవయ్యా" అన్నడు.

మట్టన్న పరవాన్నం మింగకుంట ఆగిండు. "ఇయ్యాల సుత్తె పూజల ఉన్నది సార్. దసరనాడు ముట్టను."

"అయితే రేపు కొట్టు."

"రేపంటె దసర అయిపోతది సార్."

"నాకు క్యాలెండరు చూడ్డం వచ్చులే" అన్నడు సార్.

మట్టన్న మెట్లు దిగిండు. కిందికొచ్చి, పెంటమ్మ ముందల నిలబడి, "కట్టలు ఇప్పు. రేపటి నుంచి పని ఉన్నది" అన్నడు. పెంటమ్మకు ఏం అర్థం గాలే. నాకైంది.

తెల్లారి పొద్దున్నే పోయినం. సార్ పీకి దాసుకున్న మొలలల్ల మంచిది ఒకటి ఏరి ఇచ్చిండు, మట్టన్న స్టూలు ఎక్కితె ఆయనే పట్టుకున్నడు. పటం ఎంత ఎత్తుల ఉండాల్నని ఒక గంట కొట్లాడుకున్నరు. పటం గోడకెక్కినంక సార్ స్టూలు ఇడవకుంట తల ఎనకకు వంచి చూసి, "ఆ కోడికైనా సరైన రంగు వెయ్యరాదూ" అన్నడు.

"ఎయ్యను సార్. కింద మిగిలింది దొరసానిది. మళ్ల చెయ్యి పెడితె అది గూడ నాదైతది."

అని, భుజం మీదికెంచి తడి బట్ట తీసిండు. సార్ స్టూలు ఇడిసిపెట్టి ఒర్లిండు, గల్లి మొత్తం ఇనవడ్డది.

"అద్దం మీద సార్, అద్దం మీద" అన్నడు మట్టన్న, గోడ పట్టుకోని ఊగుకుంట.